నేనే టైపు చేసిన నా మార్కులు

మొన్న మా చిన్నవాడు బడి నుంచి వచ్చి, సంచి మంచం మీద పడేసి, "అమ్మా, కంప్యూటర్ ప్రాక్టికల్‌లో నాకు నలభై ఎనిమిది" అన్నాడు. వాడు తొమ్మిదో తరగతి. పరీక్ష ఎప్పుడయిందిరా అని అడిగితే, "ఇంకా కాలా, సోమవారం. సారు ముందే మార్కులు వేసేసినాడు. మేం పొయ్యి కుర్చీల్లో కూర్చోని వచ్చేసేదే" అని పకపకా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కడుగుతున్న చేపముక్కలు చట్టిలోనే వదిలేసి, "ఆ మార్కుల కాగితం ఎవుర్రా టైపు చేసింది?" అని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. వాడు బిత్తరపోయి, "నాకేం తెలుసుమా? ఎవురు చేస్తే ఏంది?" అంటూ ఫోను తీసుకుని బయటికి పోయాడు. ఎవరు చేస్తే ఏమిటో వాడికి తెలియదు. వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. వాడి తండ్రికి కూడా సగమే చెప్పాను.

మాది సముద్రం ఒడ్డున పాళెం. నూట ఇరవై ఇళ్లు ఉండేవేమో. పొద్దున లేస్తే పడవలకు పూసే తారు వాసన, ఇసుకలో ఆరబోసిన నెత్తళ్ల చేపల వాసన, మా అవ్వ పొయ్యి మీద మరిగించే టీలో అల్లం వాసన. బడి మాత్రం మా ఊళ్లో లేదు. రెండు మైళ్ల లోపల, వరి పండే రైతుల ఊళ్లో ఉండేది. రొయ్యల గుంటల గట్ల మీద పడి నడిచేవాళ్లం. వానాకాలంలో గట్టు జారి ఎవరో ఒకరు గుంటలో పడేవాళ్లు, పడినవాళ్లకు ఆ రోజు బడి ఎగ్గొట్టే భాగ్యం దక్కేది. నేను రెండుసార్లు కావాలనే పడ్డాను.

మా అమ్మ చేపల గంప ఎత్తేది. తెల్లవారుజామున ఆమెకు చేపలు వేరుచేసి ఇవ్వడం నా పని. ఎంత కడిగినా ఆ వాసన వేళ్లను వదిలేది కాదు. బడిలో రైతుల పిల్లలు ముక్కు ఎగరేసేవాళ్లు. అందుకని మా అవ్వ గూడూరు నుంచి వచ్చే దెబ్బతిన్న నిమ్మకాయలు చౌకగా తెచ్చి, రసం చారుకు పిండుకుని, ఆ తొక్కలతో నా చేతులు రుద్దేది. "ఇప్పుడు చూడు, నువ్వు కోమటోళ్ల పిల్లవే" అనేది. నిమ్మకాయ వాసన, చేప వాసన కలిసి మూడో వాసన ఒకటి పుట్టేది. దానికి ఇప్పటికీ పేరు లేదు.

నేను తొమ్మిదిలో ఉండగా బడికి కంప్యూటర్లు వచ్చాయి. లారీలో ఎనిమిది పెట్టెలు. ఆ రోజు పాఠాలు జరగలేదు. హెడ్మాస్టరు గారు సైన్సు గదిలోని గాజు సామాను, అస్థిపంజరం పటం వరండాలోకి గెంటించి, ఆ గదికి సున్నం కొట్టించి, పచ్చ తెరలు కట్టించారు. లోపలికి పోవాలంటే చెప్పులు విప్పాలి, బోరింగు దగ్గర కాళ్లు కడుక్కోవాలి. మాలో సగం మందికి విప్పడానికి చెప్పులే లేవు. దసరాకు ఆయుధపూజ చేసి, ఒక్కో కంప్యూటరుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. కుంకుమ జారి మీటల సందుల్లో పడింది. సంక్రాంతి దాకా ఎవరి వేళ్లు చూసినా ఎర్రగానే ఉండేవి.

కంప్యూటరు సారు ప్రభుత్వ ఉద్యోగి కాదు. ఎవరో కాంట్రాక్టరు పెట్టిన మనిషి. గూడూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పాతికేళ్లుంటాయి, పీలగా ఉండేవాడు, చొక్కా జేబులో ఎప్పుడూ దువ్వెన. మిగతా అయ్యవార్లు ఆయన్ని తమతో కూర్చోబెట్టుకునేవాళ్లు కాదు, టీ కూడా వేరే గ్లాసులో. అందుకేనేమో మాతో చనువుగా ఉండేవాడు. ఎవరినీ కొట్టేవాడు కాదు. మా బడిలో అది పెద్ద వింత.

ఎనిమిది కంప్యూటర్లలో నాలుగే పనిచేసేవి. మిగతావి బొట్టు పెట్టించుకోవడానికి. అందుకని సారు ఒక పద్ధతి పెట్టాడు. ఇద్దరికి ఒక కుర్చీ, ఒకరిది మౌసు, ఇంకొకరిది కీబోర్డు. ఏడాదంతా అంతే, మారేది లేదు. నాకు జంటగా ఒక రైతుల పిల్లను కూర్చోబెట్టాడు. ఆ పిల్ల కుర్చీలో కూర్చుంటూనే ముక్కు చిట్లించి, కాసేపటికి నా వేళ్లు పట్టుకుని చూసి, "మే, నిమ్మకాయ ఊరగాయ తిన్నావా?" అంది. కడుపుబ్బా నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి అది మౌసు, నేను కీబోర్డు. మధ్యాహ్నం దాని పప్పుచారు, వడియాలు నాకు, నా నెత్తళ్ల వేపుడు దానికి. వాళ్లింట్లో చేప వండరు. తిని, ఇంటికి పోయే ముందు జామాకులు నమిలేది.

అప్పటి మౌసుల కడుపులో రబ్బరు గుండు ఒకటి ఉండేది. బూడిద రంగు, గోలీ కంటే కాస్త పెద్దది. ఒకరోజు సారు టీకి పోయినప్పుడు మేమిద్దరం మూత తిప్పి ఆ గుండు కాజేశాం. వారం రోజులు జామచెట్టు కింద దాంతో గోలీలాడాం. సారు ఆ మౌసును అటూ ఇటూ తిప్పి, ఊది, చొక్కాతో తుడిచి, చివరికి "దీనికి ఆయుష్షు తీరిపొయ్యింది" అని పక్కన పెట్టేశాడు. కడుపు విప్పి చూడాలని ఆయనకు తోచలేదు. ఆయనకు వచ్చింది కూడా అంతంతమాత్రమేనని మాకు ఆ రోజు తెలిసిపోయింది. అయినా మాకు ఆయనంటే ఇష్టం తగ్గలేదు.

కీబోర్డు నాకు పిచ్చిలా పట్టుకుంది. చీరల పెట్టె అట్ట ఒకటి సంపాదించి, దాని మీద బొగ్గుతో గళ్లు గీసి, అక్షరాలు రాసుకున్నాను. సాయంత్రం నాయన వల బాగుచేస్తూ ఇసుకలో కూర్చుంటే, పక్కనే అట్ట మోకాళ్ల మీద పెట్టుకుని కొట్టేదాన్ని. నాయన చూపు సముద్రం మీద ఉండేది, చేతులు మాత్రం సూదితో వల కన్ను తర్వాత కన్ను అల్లుకుంటూ పోయేవి. నేనూ అలాగే సముద్రం వైపు చూస్తూ కొట్టాలని పంతం పట్టాను. ఆరు నెలల్లో వచ్చేసింది.

"రేయ్, మా అమ్మణ్ణి చూడకుండా కొడతాదిరా" అని నాయన ఒడ్డున కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు. "దేన్ని కొడతాది మామా, నిన్నా?" అని వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. నాయన ఒప్పుకునేవాడు కాదు. ఎవరో ఒకరిని బలవంతంగా కూర్చోబెట్టి, వాళ్ల పేరు చెప్పించి, నా చేత ఆ అట్ట మీద కొట్టించేవాడు. అట్ట మీద కొడితే కనిపించేదేముంది? అయినా నాయన వంగి చూసి, "చూసినావా, నీ పేరు పడిపొయ్యింది" అనేవాడు. మా నాయనకు సంతకం కూడా రాదు.

పదో తరగతికి వచ్చేసరికి సారు తన పనంతా నాకు అప్పజెప్పాడు. ఆయన ఒక్క వేలితో కొట్టేవాడు, అక్షరం కోసం కోడిపెట్టలా వెతుక్కుంటూ. హెడ్మాస్టరు గారేమో పిల్లల జాబితాలు, పుస్తకాల లెక్కలు, పైఆఫీసుకు పంపే ఉత్తరాలు అన్నీ కంప్యూటరులోనే కావాలనేవారు. సారు చదివేవాడు, నేను కొట్టేదాన్ని. "నీ చేతులు లేకపోతే నా ఉద్యోగం పొయ్యేదమ్మా" అనేవాడు. ఆ మాట వింటే ఆకాశంలో తేలిపోయేదాన్ని. ఆట పీరియడ్లన్నీ ఆ పచ్చ తెరల వెనకే గడిచాయి. మౌసు పని కూడా నా జంట పిల్ల దగ్గర నేర్చుకున్నాను. దానికి కీబోర్డు నేర్పబోతే మాత్రం, "నువ్వుండావు గదా మే, నాకెందుకు" అని ఆవలించేది.

అప్పటికి మా ఊరికి దక్షిణంగా పెద్ద రేవు కడుతున్నారు. ఆ కంపెనీవాళ్లు చుట్టుపక్కల బళ్లకు ఒక కబురు పంపారు. పదో తరగతిలో కంప్యూటరు పరీక్షలో ఎవరు మొదట వస్తే వాళ్లకు నెల్లూరులో ఏడాది కోర్సు, హాస్టలు, తిండి అన్నీ కంపెనీవే. పూర్తయ్యాక రేవు ఆఫీసులో పని. బడికి ఒక్కరే. సారు ఆ కాగితం తరగతిలో చదివి, నా వైపే చూశాడు. తరగతంతా నా వైపే చూసింది.

ఆ సీటు రాకపోతే నా గతి ఏమిటో నాకు బాగా తెలుసు. మా పాళెంలో పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. మా అమ్మ అప్పటికే రొయ్యల షెడ్డు మేస్త్రీతో మాట్లాడి పెట్టింది. ఐసు నీళ్లలో చేతులు పెట్టి పొద్దుగూకులూ రొయ్యల తలలు తీయడం. మా చిన్నత్త వేళ్లు చూశాను నేను. పగిలి, తెల్లగా ఉబ్బి, ముద్ద కలుపుకోవడానికి కూడా వంగేవి కావు. ఆ వేళ్లు నాకు వద్దు. అంతే. అదొక్కటే నా మొక్కు.

ఆ చలికాలంలోనే మా ఊళ్లో దురాయి పడింది. దురాయి అంటే మా పాళేల్లో ఊరి కట్టుబాటు. ఊరి పెద్దల్ని కాపులంటాం. కాపులు కూర్చుని ఒక మాట అనుకుని దురాయి వేశారంటే, దాన్ని మళ్లీ వాళ్లు ఎత్తేసేదాకా ఊరంతా కట్టుబడి ఉండాల్సిందే. తప్పినవాణ్ణి పడవ ఎక్కనివ్వరు. వాడి ఇంట చావొచ్చినా పాడె మోయరు. రేవు గోడ కడితే మేం ఒడ్డుకు పోయే దారి మూసుకుపోతుంది. అందుకని కాపులు వలల పాక దగ్గర ఊరిని కూడేసి, దారి సంగతి తేలేదాకా కంపెనీ పనిగానీ, సాయంగానీ ఏ ఇల్లూ ముట్టుకోకూడదని దురాయి వేశారు. ఇంటికొకరు ముందుకొచ్చి, చేతిలో సముద్రం నీళ్లు పట్టుకుని ఒప్పుకున్నారు. నాయనా ఒప్పుకున్నాడు. నేను ఆడపిల్లల గుంపులో నిలబడి చూశాను.

చూశానే గానీ, అది నాకు తగులుతుందని తోచలేదు. నాది పరీక్ష, బడిలో జరిగేది. దానికీ కాపులకూ ఏమిటి సంబంధం అనుకున్నాను. పద్నాలుగు దాటిన బుర్ర అంతకంటే ఏం అనుకుంటుంది?

పరీక్షకు ముందు రోజు సారు నన్ను పిలిచి, "మార్కుల జాబితా ఒకటి కొట్టాలమ్మా, నమూనా. రేపు వచ్చే పెద్దసారుకి గళ్లు ఎట్ట ఉంటాయో చూపించాల" అన్నాడు. ఎప్పటిలాగే నేను కూర్చున్నాను, ఆయన చదవడం మొదలుపెట్టాడు. వరసగా పేర్లు, ఎదురుగా యాభైకి ఇన్నని మార్కులు. నా జంట పిల్లకు నలభై ఆరు. ఇంకెవరికో ముప్ఫై రెండు. నా పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచి, పెట్టుకుని, "పంతొమ్మిది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "సార్, నమూనాలో అన్నా నన్ను పాస్ చెయ్యండి సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నమూనాలో ఎంతుంటే ఏందమ్మా. కొట్టు" అన్నాడు.

కొట్టాను. ఒకటి, తొమ్మిది. చూడకుండానే కొట్టాను, నాకు అలవాటే కదా.

ఆ సాయంత్రం నాయన నెల్లూరు నుంచి మలైకాజా పొట్లం తెచ్చాడు. మా ఇంట్లో పండగకు కూడా మలైకాజా తెచ్చే అలవాటు లేదు. పొట్లం నా చేతిలోనే పెట్టాడు, అవ్వకు గానీ తమ్ముడికి గానీ ఇవ్వకుండా. "ఏంది నాయనా ఇయ్యాళ?" అని అడిగాను. "ఊరకే. రేపు పరీచ్చ గదా" అన్నాడు. నేను ఒకటి తిని, ఇంకొకటి నాయన నోట్లో పెట్టబోతే తల తిప్పేసుకున్నాడు. పంటినొప్పి అన్నాడు. పాకం వేళ్లకు అంటుకుంటే నాకుతూ కూర్చున్నాను. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మర్నాడు నెల్లూరు నుంచి పరీక్షించే పెద్దసారు జీపులో దిగాడు. బొద్దుగా, ఆయాసపడుతూ, మంచి మనిషిలాగే కనిపించాడు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. జంటలు లేవు. నా జంట పిల్ల బయటికి వచ్చి, "నాకు ఒక్క అక్షరం దొరకలేదు మే, ఏబీసీలు వరసగా ఉండవా అని అడిగినా. ఆయన నవ్వినాడు" అని చెప్పింది.

నా వంతు వచ్చింది. సెలవు చీటీ కొట్టమన్నాడు. గళ్లు గీసి మార్కులు కూడమన్నాడు. ఒక ఇల్లు బొమ్మ గీసి, ఫ్లాపీలో దాచి, మళ్లీ తెరవమన్నాడు. అన్నీ చేశాను. మధ్యలో ఆయన, "కీబోర్డు చూడవేమ్మా?" అని అడిగాడు. "అలవాటు లేదు సార్" అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని నా వేళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. "మా ఆఫీసులో టైపిస్టులు కూడా ఇట్ట కొట్టరే" అని సారుతో అన్నాడు. సారు కిటికీ తెర సర్దుతున్నాడు. అటు తిరిగే "అవున్సార్" అన్నాడు.

తర్వాత పెద్దసారు హెడ్మాస్టరు గారి గదిలో భోంచేశాడు. కొర్రమీను పులుసు వాసన వరండా దాకా వచ్చింది. కంప్యూటరు గదిలో ప్రింటరు గరగరమని కాసేపు మోగింది. చేయి కడుక్కుని పెద్దసారు జీపెక్కి వెళ్లిపోయాడు.

తెల్లారి బోర్డుకు జాబితా అంటించారు. గుంపులో దూరి చూశాను. నలభై ఆరు. ముప్ఫై రెండు. పంతొమ్మిది. నేను కొట్టిన వరసే, నేను కొట్టిన అంకెలే, కింద పెద్దసారు చదవకుండానే పెట్టేసిన సంతకం. పక్కన ఎవరో నా భుజం తట్టి ఏదో అన్నారు. చెవికెక్కలేదు. నా జంట పిల్ల నా చేయి పట్టుకుని, "తప్పు పడింది మే, నేను పొయ్యి చెప్తా" అని ఏడుపు మొదలుపెట్టింది. దాని చేయి విదిలించుకుని కంప్యూటరు గదికి పరిగెత్తాను. కాళ్లు కూడా కడుక్కోలేదు.

"నమూనా అన్నారే సార్" అన్నాను.

సారు లేచి తలుపు దగ్గరికి వేశాడు. "నన్ననబాకమ్మా. మొన్న మీ నాయన వచ్చినాడు. ఇదే గదిలో, ఆ గోడ దగ్గిర నిలబడినాడు. మా పాపని గెలిపించబాక సార్, కాళ్లు పట్టుకుంటా అన్నాడు. నేను వద్దన్నా. నిజంగానే కాళ్ల మీద పడినాడు" అన్నాడు. తిరిగి కుర్చీలో కూర్చుంటూ, "మీ ఊరి సంగతి నాకెందుకు? నాదీ కాంట్రాక్టు ఉద్యోగమే గదా" అన్నాడు.

కాళ్లు పట్టుకున్నాడన్న మాట నేను నమ్మలేదు. మా నాయన ఎవరి ముందూ వంగే మనిషి కాడు. ఇంటిదాకా ఆ గట్ల మీద, సారు అబద్ధం చెప్పాడు, సారు అబద్ధం చెప్పాడు అని అనుకుంటూ నడిచాను.

నాయన వల ముందేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా నిలబడి అడిగాను. తలెత్తలేదు. సూది ఆగలేదు. అవ్వే గడపలోంచి చెప్పింది. "నువ్వు ఫస్టు వస్తే కంపెనీ వోళ్లు దండ పట్టుకోని మనింటికొస్తారు గదే. ఊరంతా చూస్తాది. దురాయి తప్పినట్టే. నీ తమ్ముడు రేపు ఏ పడవెక్కాల?"

"వద్దని నాకే చెప్పొచ్చు గదా నాయనా" అన్నాను. "నాతో చెప్తే నేనే పరీక్ష రాసేదాన్ని కాదు గదా."

అప్పుడు నోరు విప్పాడు. "నీ మొకం జూసి చెప్పలేకపొయినా."

అదీ సంగతి. మొహం చూసి చెప్పలేక వెనకనుంచి చేశాడు. మలైకాజా ఎందుకు తెచ్చాడో అప్పుడు అర్థమై, మిగిలిన పొట్లం దొడ్లోకి విసిరేశాను. మా అమ్మ కూడా అప్పుడే వినడం. గంప దించి, "నన్నన్నా అడగలేదే నువ్వు" అంది నాయనతో. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పబ్లిక్ పరీక్షలు అయిన మర్నాడు నన్ను నిద్ర లేపి, "జడేసుకో, షెడ్డు ఆటో వచ్చే ఏళయింది" అంది. ఆ సీటు మీద నా జంట పిల్ల నెల్లూరు వెళ్లింది. వెళ్లే ముందు మా పాళెం దాకా వచ్చిందట. నేను షెడ్డులో ఉన్నాను.

నాయనతో రెండేళ్లు మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, నీళ్లు పెట్టేదాన్ని, మాట మాత్రం లేదు. ఆయన ఒడ్డున ఎవరికీ నా గురించి చెప్పడం మానేశాడు. సాయంత్రాలు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వల పని నేర్పేవాడు.

రెండేళ్లు తిరిగాయి. ఒకరోజు షెడ్డు నుంచి వస్తుంటే, పెద్దకాపు కొడుకు కొత్త మోటారు సైకిలు మీద ఎదురొచ్చాడు. మెడలో కంపెనీ బిళ్ల. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు కాపుల పిల్లల మెడల్లోనూ బిళ్లలు కనిపించాయి. ఊరు గుసగుసలాడింది. గట్టిగా ఎవరూ అడగలేదు. అడగక ముందే కాపులు వలల పాక దగ్గర ఊరిని కూడేసి, "కాలం మారింది, మన పిల్లోళ్ల బతుకు కూడా చూసుకోవాల గదా" అని దురాయి ఎత్తేశారు. దారి సంగతి తేలలేదు. గోడ అప్పటికే లేచిపోయింది.

నాయన ఆ కూడిక నుంచి వచ్చి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. కోపం వస్తుందనుకున్నాను, ఎవరినైనా తిడతాడనుకున్నాను. ఆయన మొహంలో మరేదో ఉంది. అది సంతోషమని నాకు వెంటనే తట్టలేదు. మర్నాడు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, "అమ్మణ్ణీ, ఇయ్యాళ షెడ్డుకు పోబాక. ఇస్కూలుకి పోదాం రా" అన్నాడు. ఎందుకని అడగాలంటే మాట్లాడాలి. అడక్కుండానే వెంట నడిచాను.

బడి మారిపోయింది. కొత్త హెడ్మాస్టరు వచ్చారు. కాంట్రాక్టు అయిపోయి సారు ఎప్పుడో వెళ్లిపోయాడు. కంప్యూటరు గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు, వాటి వెనక గోడకు ఆనించి, దుమ్ము పట్టిన ఎనిమిది కంప్యూటర్లు. పచ్చ తెరల్ని ఎలుకలు కొట్టేశాయి.

నాయన హెడ్మాస్టరు గారి బల్ల ముందు నిలబడి, చెప్పులు విప్పి, రెండు చేతులూ జోడించాడు.

"సార్, మా ఊళ్లో దురాయి ఎత్తేసినారు" అన్నాడు.

ఆయనకేం అర్థం కాలేదు. "ఏం ఎత్తేశారయ్యా?"

"దురాయి సార్. నిన్నటితో తీరిపొయ్యింది. ఇంక అడ్డం లేదు. మా పాపకి తగ్గించిన మార్కులు ఇచ్చేయండి సార్. నా మాట మీదే తగ్గించినారు. ఇప్పుడు నేనే వచ్చి చెప్తుండా గదా, వేసేయండి. నెల్లూరికి పంపిస్తా."

మా పాళెంలో అంతే మరి. దురాయి తప్పినవాడి వల గుంజుకుంటారు, తెడ్డు గుంజుకుంటారు. ఎత్తేసిన రోజు ఎవరి వల వాళ్లకు, ఎవరి తెడ్డు వాళ్లకు తెచ్చి ఇచ్చేస్తారు. ఒక్క తాడు కూడా తగ్గదు. రెండేళ్లూ నాయన నా మార్కులు కూడా అలా ఎక్కడో దాచిపెట్టి ఉన్నాయనే అనుకున్నాడు. ఆ ధైర్యంతోనే తగ్గించమన్నాడు. ఊరి మాట మీద తీసుకున్నది ఊరే తిరిగిస్తుందనుకున్నాడు.

హెడ్మాస్టరు గారు మంచివారే. గట్టిగా నవ్వలేదు. "ఆ జాబితాలన్నీ అప్పుడే పోయాయయ్యా. మార్కులు అట్లా వెనక్కి ఇచ్చేవి కావు" అన్నారు. నాయన నా వైపు తిరిగి, "నువ్వు చెప్పుమా. నువ్వే గదా కొట్టింది. ఇంకోసారి కొడితే పడవా?" అని అడిగాడు. రెండేళ్ల తర్వాత నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అది.

"పడవు నాయనా" అన్నాను.

ఆయన చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయి బయటికి నడిచాడు. నేనే వాటిని చేతిలో పట్టుకుని వెనక నడిచాను. గట్టు మీద సగం దూరం వచ్చాక, "ఇస్తారనుకున్నా" అన్నాడు. అంతే. ఇంక ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ మర్నాడు నేను షెడ్డుకు పోయాను, ఇప్పటికీ పోతున్నాను. పోయినేడు మేస్త్రీని చేశారు.

సారు మీద కోపం ఎప్పుడో పోయింది, పొట్టకూటి మనిషి. కాపుల్లో ఇద్దరు పోయారు. మూడో ఆయనకు చూపు లేదు, కనిపిస్తే నేనే చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తాను. వాళ్లెవరూ నన్ను మోసం చేశారని ఇప్పుడు అనిపించదు. వాళ్ల చేతుల్లో నేనెప్పుడూ లేను. నాయన చేతుల్లో ఉన్నాను. ఆయన మంచంలో పడ్డ ఆఖరి నెలల్లో నోట్లో గంజి పోసింది నేను, పక్కలు మార్చింది నేను. ఒకరోజు నా వేళ్లు పట్టుకుని, పగుళ్ల మీద తన వేలు రాస్తూ, "నా మీద ఇంకా కోపం ఉందా అమ్మణ్ణీ?" అని అడిగాడు. లేదు నాయనా అంటే పోయేది. చావబోయే మనిషికి ఆ ఒక్క మాట ఎవరైనా అంటారు. నా నోటికి రాలేదు. "ఉంది" అన్నాను. ఆయన తలూపాడు. వేళ్లు మాత్రం వదల్లేదు.